ఇంగ్లీషు ‘ఇఫ్’ వాక్యాలు: మన పిల్లలకు చిక్కు ఎక్కడ పడుతోంది?

పాలమూరులోనైనా నల్లగొండలోనైనా రైతుల నోట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘వాన పడితే పత్తి పెడ్తం’ అనేది ఒకటి. ‘వాన పడితే పత్తి పెడ్తుంటిమి’ అనేది ఇంకొకటి. మొదటిది మృగశిర కార్తె ముంగిట, జూన్‌లో అనే మాట. వాన ఇంకా రావచ్చు. రెండోది అదును దాటిపోయాక అనే మాట. వాన రాలేదు, విత్తనం పడలేదు. రెండు వాక్యాల్లోనూ ‘వాన పడితే’ అన్న ముక్క ఒకటే. తేడా అంతా చివరి క్రియలో ఉంది. బడి మొహం చూడని ముసలవ్వ కూడా ఈ రెండింటినీ ఎన్నడూ కలిపి తికమక పడదు.

అదే ఇంటి పిల్ల పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ సో కాటన్’ అని రాస్తుంది. జరగని సంగతి చెప్పాల్సి వస్తే ‘ఇఫ్ ఇట్ వుడ్ హావ్ రెయిన్డ్, వి వుడ్ హావ్ సోన్ కాటన్’ అని రాస్తుంది. రెండూ తప్పే. ఆ పిల్లకు జరిగే సంగతికీ జరగని సంగతికీ తేడా తెలియక రాసిన తప్పులు కావు ఇవి. తేడా బాగా తెలుసు. దాన్ని ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ చూపించాలో మాత్రం ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పింది టైప్-1 (జరగడానికి వీలున్నది), టైప్-2 (ఇప్పటి ఊహ), టైప్-3 (జరిగిపోయినదాని మీద ఊహ) అనే మూడు ఫార్ములాలు.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడులన్నింటా ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉండే పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. అప్పటిదాకా ‘ఇఫ్’ వాక్యం అంటే ఇంగ్లీషు పేపర్‌లో ఒకటి రెండు మార్కుల బిట్టు. ఇప్పుడు సైన్సు సూత్రం అర్థం కావాలన్నా, లెక్కల్లో ఒక రుజువు రాయాలన్నా అదే వాక్యం దాటాలి. పదో తరగతి లెక్కల్లో రూట్ 2 కరణీయ సంఖ్య అని రుజువు చేయడానికి, ముందు అది అకరణీయ సంఖ్యే అనుకుని మొదలుపెడతారు. అలా అనుకుంటే పొంతన కుదరని చోటికి చేరతాం కాబట్టి ఆ ఊహ తప్పు అని తేలుస్తారు. ఆ రుజువు మొత్తం ఒక ఊహా వాక్యం మీద నిలబడి ఉంది. ‘ఇఫ్ రూట్ టూ వర్ రేషనల్’ అన్నప్పుడు ఆ ‘వర్’ ఏం చెబుతోందో పట్టుకోలేని పిల్లవాడు లెక్క రాకపోవడం వల్ల కాక, వాక్యం అందక వెనకబడతాడు.

చిక్కుముడి మొదటి పోగు ‘తే’లోనే ఉంది. పడితే, వస్తే, ఉంటే, చదివితే. ఈ రూపాలకు కాలం లేదు. ‘నిన్న వస్తే’ అనవచ్చు, ‘రేపు వస్తే’ అనవచ్చు, ‘రోజూ వస్తే’ అనవచ్చు. ‘వస్తే’ మాత్రం కదలదు. జరిగేదా, జరగనిదా, ఎప్పటిది అన్న బరువంతా వాక్యం చివర ఉన్న క్రియ మోస్తుంది. ఇంగ్లీషులో అలా కుదరదు. ‘ఇఫ్’ అన్నాక వచ్చే క్రియ ఏదో ఒక కాలం వేసుకోవాల్సిందే. తెలుగులో ఖాళీగా వదిలేసే గడిని ఇంగ్లీషులో నింపాలి. ఏం నింపాలో తెలియక పిల్లలు చేతికందింది పెడతారు. ‘రేపు వాన పడితే’ అన్నప్పుడు ‘రేపు’ కనిపిస్తుంది కాబట్టి ‘విల్’ పెడతారు. వాళ్లకు నేర్పిన దాన్నిబట్టి చూస్తే అందులో తర్కం ఉంది.

కానీ ఇంగ్లీషులో ‘ఇఫ్’ తర్వాత రాబోయే సంగతికి కూడా వర్తమాన కాలమే వాడతారు. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, వి విల్ సో కాటన్.’ భవిష్యత్తును చెప్పే పని రెండో సగంలోని ‘విల్’ ఒక్కటే చూసుకుంటుంది. ఇది ‘ఇఫ్’కు మాత్రమే ఉన్న వింత కాదు. కాలం చెప్పే ‘వెన్’, ‘అన్‌టిల్’, ‘బిఫోర్’ తర్వాత కూడా అంతే. ‘వెన్ ద బస్ కమ్స్, ఐ విల్ కాల్ యు’ అంటారు, ‘విల్ కమ్’ అనరు. ఈ నాలుగింటినీ ఒకేచోట చెబితే నియమం గుర్తుంటుంది. విడిగా చెబితే మరో ఫార్ములా అవుతుంది. ‘ఇఫ్ యు విల్ వెయిట్ హియర్’ లాంటి వాక్యాలు ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అక్కడి ‘విల్’ భవిష్యత్తును కాదు, ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అన్న మర్యాదను చెబుతోంది.

ఇంతవరకు జరగడానికి వీలున్న సంగతులు. అసలు కష్టం ఊహలోకి అడుగు పెట్టినప్పుడు మొదలవుతుంది.

‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బయ్ ఎ మోటార్.’ ఇందులో ‘హ్యాడ్’ ఉంది. ‘హ్యాడ్’ అంటే గతం అని చిన్న తరగతుల నుంచి పిల్లలు బట్టీ పట్టారు. ఇక్కడ చెబుతున్నదేమో ఇప్పటి సంగతి. ఇప్పుడు డబ్బు లేదు, ఉంటే ఇప్పుడే కొనేవాణ్ణి అని. చాలామంది పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. గతకాలపు క్రియ ఇప్పటి మాట ఎలా చెబుతుంది అన్న ప్రశ్నకు తరగతిలో వచ్చే జవాబు ‘ఇది టైప్-2, ఫార్ములా ఇంతే’ అని. ఆ జవాబుతో మార్కు రావచ్చు గానీ మనసుకు పట్టదు. పట్టనిది నోటికి రాదు.

నిజానికి దీనికి తెలుగులోనే చక్కని దారి ఉంది. ‘చిన్నప్పుడు ఎండాకాలం చెరువులో ఈదేవాళ్లం’ అంటాం. ఇది గతంలో అలవాటుగా జరిగిన పని. ‘చెరువులో నీళ్లుంటే ఈదేవాళ్లం’ అని కూడా అంటాం. ఇక్కడ చెరువు ఎండిపోయి ఉంది, ఎవరూ ఈదడం లేదు. ‘ఈదేవాళ్లం’ అన్న ఒకే రూపం మొదటి వాక్యంలో గతాన్నీ, రెండోదానిలో జరగని సంగతినీ చెబుతోంది. నల్లగొండ, పాలమూరు మాటలోనూ అంతే. ‘అప్పట్ల చెర్ల ఈత కొడ్తుంటిమి’, ‘నీళ్లుంటే ఈత కొడ్తుంటిమి’. గతానికి వాడే క్రియనే, వాస్తవం కాని దానికీ వాడుతున్నాం. ఇప్పుడు జేబులో పైసలు లేవని చెప్పడానికి ‘పైసలుంటే కొంటుంటి’ అనే మనిషి, గతపు రూపంతో ఇప్పటి లేమిని చెబుతున్నట్టే కదా.

ఇంగ్లీషు ‘వుడ్’ది సరిగ్గా అదే నడక. ‘ఎవ్రీ సమ్మర్ వి వుడ్ స్విమ్ ఇన్ ద ట్యాంక్’ అంటే ఈదేవాళ్లం, అలవాటు. ‘ఇఫ్ ద ట్యాంక్ హ్యాడ్ వాటర్, వి వుడ్ స్విమ్’ అంటే ఈదేవాళ్లం, ఊహ. రెండు భాషలకూ చుట్టరికం లేదు. అయినా రెండూ గతకాలపు రూపాన్ని ‘ఇది ఇక్కడ, ఇప్పుడు లేదు’ అని చెప్పడానికి వాడుకున్నాయి. జరిగిపోయింది మన చేతికందదు, ఊహ కూడా చేతికందదు. ఇంగ్లీషు చేసే అదనపు పని ఒక్కటే. తెలుగు ఆ గుర్తును చివరి క్రియకే వేస్తుంది, ఇంగ్లీషు రెండు సగాలకూ వేస్తుంది. ‘ఇఫ్’ పక్కన ‘హ్యాడ్’, అవతల ‘వుడ్’. ఈ ఒక్క సంగతి ‘ఈదేవాళ్లం’ ఉదాహరణతో చెబితే టైప్-2 అన్న పేరు లేకుండానే పిల్లలకు దారి దొరుకుతుంది.

మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. తెలుగు పీరియడ్‌లో పిల్లలు చేదర్థకం చదువుతారు. ‘వర్షం కురిస్తే పంటలు పండుతాయి’ లాంటి వాక్యాన్ని గుర్తించి చేదర్థక వాక్యం అని రాస్తారు. గంట కొట్టాక ఇంగ్లీషు పీరియడ్‌లో కండిషనల్ క్లాజ్ చదువుతారు. రెండూ ఒకటే పాఠమని ఏ పీరియడ్‌లోనూ వినరు. రెండు పుస్తకాలూ ఒకే సంచిలో ఉంటాయి. ఇద్దరు టీచర్లు ఒక్కసారి కూర్చుని ఉదాహరణలు కలుపుకుంటే చాలు. ఇది జరగకపోవడం బాధ కలిగించే సంగతి, ఎందుకంటే దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

తెలుగు అన్ని చోట్లా చేయి పట్టి నడిపిస్తుందని కాదు. ‘నా దగ్గర డబ్బుంటే ఆ పొలం కొనేవాణ్ణి’ అన్న వాక్యం తీసుకుంటే, ఇది ఇప్పటి మాటా, పోయినేటి మాటా? రెండూ కావచ్చు. ఆ పొలం ఇంకా అమ్మకానికి ఉంటే ఇప్పటి మాట, వేరేవాళ్లు కొనేసి ఉంటే అప్పటి మాట. వినేవాళ్లకు సందర్భం తెలుసు కాబట్టి తెలుగు ఊరుకుంటుంది. మరీ తేల్చి చెప్పాలంటే ‘డబ్బు ఉండి ఉంటే కొని ఉండేవాణ్ణి’ అనవచ్చు. ఇంట్లో అంత పొడుగు మాట తక్కువగా వాడతారు. ఇంగ్లీషు మాత్రం ఊరుకోదు. ఇప్పటిదైతే ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బయ్ దట్ ల్యాండ్’. పోయినదైతే ‘ఇఫ్ ఐ హ్యాడ్ హ్యాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ దట్ ల్యాండ్’. టైప్-2, టైప్-3లను పిల్లలు కలిపేయడానికి కారణం బద్ధకం కాదు. ఇంటి భాషలో ఒకే మాటగా ఉన్నది ఇక్కడ రెండుగా చీలింది. టీచరు గంట సేపు కేటాయించాల్సిన చోటు ఇదే.

నాగార్జునసాగర్ కథ ఈ చీలికను బాగా చూపిస్తుంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. జలాశయంలో నాగార్జునకొండ లోయ మునిగింది. మునగకముందే తవ్వకాలు జరిపి, దొరికిన బౌద్ధ శిల్పాలను, కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. ఇదంతా జరిగిపోయింది, మార్చలేం. దాని గురించి ఊహించాలంటే టైప్-3 అనేదే దారి. ‘ఇఫ్ ద డ్యామ్ హ్యాడ్ నాట్ బీన్ బిల్ట్, ద వ్యాలీ వుడ్ నాట్ హావ్ గాన్ అండర్ వాటర్.’ రెండు సగాలూ గతంలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఎడమ కాలువ వెంట మిర్యాలగూడ దాకా వస్తే, అక్కడి రైస్ మిల్లులు కనిపిస్తాయి. సాగర్ నీళ్లతో పండిన వరే వాటికి ఆధారం. ‘డ్యామ్ కట్టకపోతే ఇవాళ ఇక్కడ ఇన్ని మిల్లులు ఉండేవి కావు’ అనాలంటే కారణం గతంలో ఉంది, ఫలితం కళ్ల ముందుంది. ‘ఇఫ్ ద డ్యామ్ హ్యాడ్ నాట్ బీన్ బిల్ట్, దేర్ వుడ్ నాట్ బి సో మెనీ రైస్ మిల్స్ హియర్ టుడే.’ మొదటి సగం టైప్-3ది, రెండో సగం టైప్-2ది. గైడ్లలో దీన్ని మిక్స్‌డ్ అని పేరు పెట్టి చివర్లో, ‘ముఖ్యం కాదు’ అన్నట్టు వదిలేస్తారు. మనుషులు మాత్రం రోజూ ఇలాగే ఆలోచిస్తారు. ‘అప్పుడు డిగ్రీ పూర్తి చేసి ఉంటే ఇప్పుడు బొంబాయి పోయి పని చేసుకునే గతి పట్టేది కాదు’ అన్న మాట పాలమూరు వలస కుటుంబాలకు వివరించాల్సిన అవసరం లేదు. ఒక్కో సగాన్ని దాని కాలాన్ని బట్టి విడిగా కట్టుకోవడం వస్తే, మిక్స్‌డ్ అనే నాలుగో డబ్బా అసలు అక్కర్లేదు.

టైపుల లెక్కలో అసలు చోటే దొరకని వాక్యం ఒకటుంది. ‘నిన్న అతను ఆఫీసుకు వచ్చి ఉంటే వాచ్‌మన్ చూసే ఉంటాడు.’ ‘నిన్న అతను ఆఫీసుకు వచ్చి ఉంటే వాచ్‌మన్ చూసేవాడు.’ మొదటిదానిలో అతను వచ్చాడో లేదో మాట్లాడే మనిషికి తెలియదు, కనుక్కోవాలి. రెండోదానిలో రాలేదని తెలుసు. ఇంగ్లీషులో మొదటిది ‘ఇఫ్ హి కేమ్ ఎస్టర్‌డే, ద వాచ్‌మన్ మస్ట్ హావ్ సీన్ హిమ్’, రెండోది ‘ఇఫ్ హి హ్యాడ్ కమ్ ఎస్టర్‌డే, ద వాచ్‌మన్ వుడ్ హావ్ సీన్ హిమ్’. మొదటి వాక్యంలో ‘ఇఫ్’ పక్కన గతకాలపు ‘కేమ్’ ఉంది, అయినా అది ఊహ కాదు. నిజంగా గతం గురించి, తెలియని నిజం గురించి. ‘ఇఫ్ ప్లస్ పాస్ట్ టెన్స్ అంటే టైప్-2’ అని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ పొరపాటు పడక తప్పదు. ‘చూసే ఉంటాడు’కూ ‘చూసేవాడు’కూ తేడా వినగలిగినవాళ్లు పడరు.

ఎప్పుడూ జరిగే సంగతుల గురించి ఎక్కువ చెప్పుకోవాల్సింది లేదు. రెండు సగాల్లోనూ వర్తమానమే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు అన్నది మర్రిగూడ, మునుగోడు వైపు తరతరాలు అనుభవించిన నిజం. ‘ఇఫ్ చిల్డ్రన్ డ్రింక్ సచ్ వాటర్, దెయిర్ టీత్ గెట్ స్టెయిన్డ్.’ అలాంటి నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దింపే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. ఆ పద్ధతి వివరించే వాక్యాలన్నీ ఈ తీరులోనే ఉంటాయి. ఇది కలిపితే అది జరుగుతుంది. ఇక్కడ ‘ఇఫ్’ తీసి ‘వెన్’ పెట్టినా అర్థం మారదు.

మిగతా చోట్ల అలా మార్చలేం. ‘నాన్న ఇంటికి వస్తే ఫోన్ చేయమను’ అంటాం. నాన్న వస్తాడని అందరికీ తెలుసు, ఎప్పుడన్నదే తెలియదు. దీన్ని ‘ఇఫ్ ఫాదర్ కమ్స్ హోమ్’ అని రాస్తే, ఇంటికి వస్తాడో రాడో అన్న అనుమానం వాక్యంలో చేరుతుంది. అక్కడ ‘వెన్’ కావాలి. ‘తే’ ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టి, రాసే ముందు ‘ఇది ఖాయమా, అనుమానమా’ అని ఒకసారి అడుగుకోవాలి. ‘నా’ చేర్చే మాటలదీ ఇదే తంతు. ‘వాన పడినా వస్తా’ అంటే ‘ఈవెన్ ఇఫ్’, పడుతుందో లేదో తెలియదు. ‘వాన పడినా చెరువు నిండలేదు’ అంటే ‘ఈవెన్ దో’, పడింది.

‘అన్‌లెస్’ విషయంలో దాదాపు అందరూ చేసే తప్పు ఒకటే. ‘బిల్లు కట్టకపోతే కరెంటు కట్ చేస్తారు’ అన్నదాన్ని ‘అన్‌లెస్ యు డోంట్ పే ద బిల్’ అని రాస్తారు. ‘కట్టకపోతే’లో ‘కట్టక’ వినిపిస్తుంది కాబట్టి ‘డోంట్’ పెట్టబుద్ధవుతుంది. ‘అన్‌లెస్’లోనే ఆ ‘కాకపోతే’ దాగి ఉంది. ‘అన్‌లెస్ యు పే ద బిల్’ చాలు.

ఊహా వాక్యాల్లో ‘ఇఫ్ ఐ వర్ యు’ అనే మాట విడిగా నిలుస్తుంది. ‘ఐ’ పక్కన ‘వర్’ ఏమిటి అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. పాత ఇంగ్లీషులో ఊహకు విడిగా ఉన్న క్రియారూపాల్లో మిగిలిపోయిన ముక్క అది. మాటల్లో ‘ఇఫ్ ఐ వాజ్’ అనేవాళ్లు ఇంగ్లీషు వాళ్లలోనే చాలామంది ఉన్నారు. పరీక్షల్లో, ఉత్తరాల్లో ‘వర్’ రాయడం మేలు. ‘నీ జాగల నేనుంటే ఆ పైసలు ఇయ్యకపోతుంటి’ అని మనం సలహా చెప్పే చోటల్లా ఇది అతుకుతుంది. ‘ఇఫ్’ పక్కన ‘వుడ్ హావ్’ పెట్టే అలవాటు అమెరికన్ల మాటల్లోనూ వినిపిస్తుంది. రాతలో మాత్రం దాన్ని తప్పుగానే చూస్తారు.

‘ఇఫ్’ లేకుండానే వచ్చే కండిషన్లు కొన్ని బ్యాంకు కాగితాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ఎదురవుతాయి. ‘షుడ్ యు నీడ్ ఎనీ హెల్ప్’ అంటే ‘ఏదైనా సాయం కావాలంటే’. ‘హ్యాడ్ ఐ నోన్’ అంటే ‘నాకు తెలిసి ఉంటే’. క్రియ ముందుకు జరగడంతో వీటిని ప్రశ్నలనుకుని తికమక పడతారు. చివర ప్రశ్నార్థకం ఉందా అని చూస్తే అనుమానం తీరిపోతుంది.

ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఈ వ్యాకరణం నేరుగా మనిషి మీద ప్రభావం చూపుతుంది. ‘ఇఫ్ ఐ గెట్ దిస్ జాబ్, ఐ విల్ లెర్న్ ద సాఫ్ట్‌వేర్ క్విక్లీ’ అన్నవాళ్లు ఉద్యోగం వచ్చే అవకాశం ఉందని నమ్ముతున్నారు. ‘ఇఫ్ ఐ గాట్ దిస్ జాబ్, ఐ వుడ్ లెర్న్’ అన్నవాళ్లు అది తమకు ఎలాగూ రాదనుకుంటున్నట్టు వినిపిస్తుంది. రెండూ వ్యాకరణం ప్రకారం ఒప్పే. ఏది వాడాలో ఫార్ములా చెప్పదు, మాట్లాడే మనిషి నమ్మకం చెబుతుంది. మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్లే గురుకులం పిల్లలు టెన్షన్‌లో ‘వుడ్’ ఉంటే మర్యాదగా ఉంటుందనుకుని అన్నింటికీ అదే వాడే ప్రమాదం ఉంది. మర్యాద కోసం ‘వుడ్’ వాడే చోటు వేరే ఉంది. ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ గ్రాంట్ మి లీవ్’ అని సెలవు చీటీలో రాయవచ్చు. అక్కడ అడుగుతున్నది సాయం. సొంత సామర్థ్యం గురించి చెప్పేటప్పుడు ‘విల్’ అనడమే సరైనది.

అందుకే ప్రశ్నపత్రాల్లో ఒక లోపం సరిదిద్దాలి. ‘ఇఫ్ హి ___, ఐ ___ హిమ్’ అని ఇచ్చి, బ్రాకెట్లో ‘కమ్’, ‘టెల్’ పెడితే, ‘కమ్స్, విల్ టెల్’ సరైనదే, ‘కేమ్, వుడ్ టెల్’ సరైనదే, ‘హ్యాడ్ కమ్, వుడ్ హావ్ టోల్డ్’ కూడా సరైనదే. కీలో ఒకటే ఉంటుంది, మిగతావి రాసిన పిల్లలు తప్పు చేయకుండానే మార్కు పోగొట్టుకుంటారు. ముందు ఒక్క వాక్యం సందర్భం ఇస్తే సరిపోతుంది. ‘జూరాల గేట్లు నిన్న ఎత్తలేదు, అందుకే కింది ఊళ్లకు నీళ్లు రాలేదు. గేట్లు ఎత్తి ఉంటే ఏమయ్యేదో ఒక వాక్యంలో రాయండి.’ ‘జూరాల గేట్లు ఈ రాత్రి ఎత్తవచ్చని అంటున్నారు. ఎత్తితే ఏమవుతుందో ఒక వాక్యంలో రాయండి.’ ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రాసేవాళ్లు గద్వాల, వనపర్తి పిల్లల్లో దొరకరు. వాళ్లు తెలుగులో ముందే వేరు చేసుకుంటారు, ఆ తర్వాత ఇంగ్లీషు క్రియలు వెతుక్కుంటారు.